చాటలో బియ్యం, డబ్బాలో సెల్‌లు

(బెంగళూరు మారతహళ్ళిలో ఒక ఆదివారం సాయంత్రం, తెలుగువాళ్ళం కలిసినప్పుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనకవాళ్ళకి వినిపిస్తోందా? ఫ్యాన్ కొంచెం తగ్గించండి తమ్ముడూ, మైకులో గాలి హోరు వస్తోంది. ఆఁ, ఇప్పుడు బాగుంది.

పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలతో ఇంటికి ఇన్వర్టర్ బ్యాటరీ చేసుకున్నానని వినగానే చాలామంది మొదట అడిగేది ఒకటే. "ఎన్ని సెల్‌లు పట్టాయి?" 280 అంటాను. "అబ్బో" అంటారు. ఆ 280 కోసం ఎన్ని పారేశానో మాత్రం ఎవరూ అడగరు. నేను చెప్పాలనుకున్నది దాని గురించే.

నాది మదనపల్లె దగ్గర పల్లెటూరు. పదమూడేళ్ళుగా ఇక్కడ ఆఫీసుల్లో యూపీఎస్‌లు చూసుకునే పని. మా అవ్వ పొద్దున్నే అరుగు మీద కూర్చుని చాటలో బియ్యం చెరిగి, రాళ్ళు ఏరేది. వంట పది నిమిషాల్లో అయిపోయేది, ఏరడానికి గంట పట్టేది. చిన్నప్పుడు అది చూసి నాకు విసుగు. ఇప్పుడు నలభై దాటాక నేను చేసిందీ అదే పని. చాట బదులు ప్లాస్టిక్ డబ్బా, బియ్యం బదులు సెల్‌లు, అంతే తేడా.

ఇదిగో, నా చేతిలో ఉన్నది చూడండి. పెన్‌టార్చిలో వేసే సెల్ కంటే కొంచెం పెద్దది. దీన్ని 18650 అంటారు. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు, చివరి సున్నా గుండ్రంగా గొట్టంలా ఉంటుందని చెప్పడానికి. బరువు 45 గ్రాములకి అటూ ఇటూ. నిండా ఛార్జ్ చేస్తే 4.2 వోల్టులు, మామూలుగా 3.6, 3.7 అని రాస్తారు. లిథియం అయాన్ బ్యాటరీని 1991లో సోనీ కంపెనీ మార్కెట్లోకి తెచ్చింది. దాని వెనక పనిచేసిన ముగ్గురికి, గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినోలకి, 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. అప్పటికి గుడినఫ్ గారికి 97 ఏళ్ళు. మనం అరవైకే కుర్చీ వెతుక్కుంటాం.

(నవ్వులు)

2008లో టెస్లా వాళ్ళు తెచ్చిన మొదటి కారు రోడ్‌స్టర్‌లో ఉన్నవి కూడా ఇలాంటి గొట్టాలే, 6,831. అందుకని ల్యాప్‌టాప్ సెల్‌లతో పెద్ద బ్యాటరీ కట్టడం పిచ్చిపనేం కాదు. కాకపోతే వాళ్ళ దగ్గర సెల్‌లన్నీ కొత్తవి, ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మన దగ్గరికి వచ్చేవి తలా ఒక ఊరి నుంచి వచ్చిన పెళ్ళివారిలా ఉంటాయి. ఎవరికి షుగరో, ఎవరికి బీపీయో తెలియదు.

ఇవి ఎక్కడ దొరుకుతాయి? ఈ ఊళ్ళో దానికి కొదవ లేదు. మూడు నాలుగేళ్ళకోసారి ఆఫీసుల్లో ల్యాప్‌టాప్‌లు మారుస్తారు. పాతవి చేతులు మారి మారి చివరికి గుజరీకి చేరతాయి. పాత సామాన్ల కొట్టుని ఇక్కడ గుజరీ అంటారని మీకు తెలుసు. అక్కడ చచ్చిపోయిన ప్యాక్‌లు కిలోల లెక్కన అమ్ముతారు. నేను మూడు విడతల్లో 78 ప్యాక్‌లు తెచ్చాను. ఆరు సెల్‌లవి ఎక్కువ, నాలుగువి, తొమ్మిదివి కొన్ని. మొత్తం 452 సెల్‌లు.

చచ్చిపోయిన ప్యాక్‌లో బతికున్న సెల్‌లు ఎలా ఉంటాయని అనుమానం రావాలి మీకు. ఆరు సెల్‌ల ప్యాక్ అంటే, రెండేసి జతగా కట్టి, అలాంటి మూడు జతలని వరసగా కలుపుతారు. మూడు జతల ఎడ్లు కట్టిన బండి అనుకోండి. ఒక జత కూలబడితే బండి ఆగిపోతుంది. మిగతా నాలుగు ఎడ్లూ నిక్షేపంగా ఉంటాయి. ప్యాక్ లోపలున్న చిన్న బోర్డు ఒక జత పాడైందని చూసి, మొత్తానికే తాళం వేసేస్తుంది. ల్యాప్‌టాప్ "బ్యాటరీ మార్చండి" అంటుంది. మనం మారుస్తాం. ఆ నాలుగు ఎడ్ల కోసమే నేను గుజరీ చుట్టూ తిరిగింది.

ప్యాక్ విప్పడం చాలామంది వీడియోలో ముప్పై సెకన్లలో చూపిస్తారు. నేను మొదటి ప్యాక్‌కి ముప్పావు గంట తీసుకున్నాను. రెండు ప్లాస్టిక్ చిప్పలు అతికిన గీతలోకి బల్లపరుపు స్క్రూడ్రైవర్ దూర్చి మెల్లగా తిప్పాలి. లోపలికి పొడవకూడదు. నేను పొడిచాను. సెల్ ఒంటి మీదున్న పలచని ప్లాస్టిక్ తొడుగు చిరిగింది. చాలామందికి తెలియనిది ఒకటుంది. ఈ సెల్‌కి ప్లస్ ఈ బొడిపె ఒక్కటే. మిగతా ఒళ్ళంతా, పైన ఈ అంచు దాకా మైనస్సే. ఆ రెంటికీ మధ్య ఉన్నది ఒక చిన్న రింగూ, ఈ తొడుగూ. తొడుగు చిరిగిన చోట నికెల్ పట్టీ ముక్క తగిలింది, చిటుక్కుమంది. చేతిలో సెల్ వేడెక్కుతోందని తెలుస్తూనే ఉంది. తలుపు తీసి వాకిట్లో ఇసుక బకెట్లో పడేశాను. అరగంట కాపలా కాశాను. ఏమీ కాలేదు. తియ్యటి వాసన, నెయిల్ పాలిష్ సీసా మూత తీసినట్టు, సన్నగా వచ్చింది. ఆ వాసన వచ్చిన సెల్ ఇక సెల్ కాదు. లోపలి ద్రవం బయటికొచ్చిందని అర్థం. అలా విప్పడంలోనే 9 పోయాయి.

తర్వాత వోల్టులు కొలిచే మల్టీమీటర్ పట్టుకుని ఒక్కొక్కటీ చూడాలి. 2 వోల్టుల కంటే తక్కువ చూపించినవన్నీ నేను పక్కన పెట్టేశాను, 61. వీటికి మెల్లగా కరెంటు ఇచ్చి లేపొచ్చని చెప్పేవాళ్ళున్నారు. లేస్తాయి, నిజమే. కానీ లోపల మైనస్ వైపు రాగిరేకు ఉంటుంది. వోల్టేజీ మరీ అడుగంటితే ఆ రాగి కరుగుతుంది. మళ్ళీ ఛార్జ్ ఎక్కించినప్పుడు అది ఉండాల్సిన చోట కాకుండా ఎక్కడ పడితే అక్కడ పేరుకుంటుంది. ఒకరోజు లోపల్లోపలే షార్ట్ అవుతుంది. ఏ రోజని ఎవరూ చెప్పలేరు. అలాంటిదాన్ని ఇంట్లో పెట్టుకుని నిద్రపోవడం నావల్ల కాదు.

మిగిలినవి 382. ఇక్కణ్ణుంచి మొదలైంది అసలు ఏరడం.

నా దగ్గర రెండు టెస్టర్‌లు. ఒక్కోదానిలో నాలుగు సెల్‌లు పడతాయి. నిండా ఛార్జ్ చేసి, అర ఆంపియర్ చొప్పున ఖాళీ చేసి, ఎంత బయటికొచ్చిందో లెక్క చూపించి, మళ్ళీ నింపుతుంది. ఒక విడతకి పన్నెండు గంటల పైనే. ఎనిమిదేసి చొప్పున 382 అంటే 48 విడతలు. రోజుకి ఒకటి. ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, సెల్‌లు మార్చడం, నోట్‌బుక్‌లో రాయడం. మా ఆవిడ దానికి "సాయంత్రం పూజ" అని పేరు పెట్టింది.

మొదట్లో టెస్టర్‌లు హాల్లోనే ఉండేవి. పదో రోజో, పదకొండో రోజో, రాత్రి తొమ్మిదిన్నర. నేను బయట ఫోన్ మాట్లాడుతున్నాను. మా ఆవిడ తలుపు దగ్గరికొచ్చి, "ఏమండీ, మూడో గడిలోది పొయ్యి మీది గిన్నెలా ఉంది" అంది. వెళ్ళి చూద్దును కదా, మిగతా ఏడూ గోరువెచ్చగా ఉన్నాయి. ఇది ముట్టుకుంటే వేలు ఆగడం లేదు. తెరమీద 4.13 వోల్టులు. గంట కిందటా అంతే. కరెంటు తాగుతూనే ఉంది, వోల్టేజీ పైకి కదలదు. తాగిందంతా వేడిగా మారుతోందన్నమాట. ఇలాంటివాటిని మేం హీటర్‌లంటాం. దాన్ని పట్టకారుతో తీసి బయట పెట్టాను. ఆ రాత్రే టెస్టర్‌లు కూడా ఇంట్లోంచి వాకిట్లోకి మారాయి. ఇంట్లో ఎవరో ఒకరు మేలుకుని పక్కన ఉంటే తప్ప ఛార్జింగ్ లేదు. ఇది నా పెళ్ళాం పెట్టిన నియమం, నాది కాదు.

(నవ్వులు)

అలాంటి హీటర్‌లు 14. కెపాసిటీ, అంటే సెల్‌లో పట్టే కరెంటు, 1800 మిల్లీ ఆంపియర్ అవర్ కంటే తక్కువొచ్చినవి 77. కొత్తగా ఉన్నప్పుడు ఇవి 2200, 2600 ఇచ్చేవి. అరిగిపోయాయి. ఈ 77 పనికిరావని కాదు, టార్చికో, చిన్న స్పీకర్‌కో సరిపోతాయి. కానీ ఇంటి బ్యాటరీలోకి రానివ్వలేదు.

ఆ తర్వాతి పరీక్షని చాలామంది ఎగ్గొడతారు. ఓపిక చాలక. నిండా నింపిన సెల్‌లని ముట్టుకోకుండా నెల రోజులు పెట్టాలి. కొత్త కుండ తెస్తే నీళ్ళు పోసి కారుతుందో లేదో చూస్తాం కదా, అదే. నెల తర్వాత మంచి సెల్ దాదాపు పెట్టినచోటే ఉంటుంది. 4.1 కంటే కిందికి జారినవి 11. వాటిలో రెండు మూడింటికి కెపాసిటీ 2300 దాకా ఉంది, తీసేయడానికి ప్రాణం ఒప్పలేదు. కానీ 40 సెల్‌లు జతకడితే, కారే సెల్ ఒక్కటి మిగతా 39ని రాత్రీ పగలూ పీలుస్తూనే ఉంటుంది. తీసేశాను.

452లో 61, 9, 14, 77, 11 తీసేస్తే 280. అవ్వ అయితే ఇంకో పది ఏరేదేమో.

సరే, కట్టడం గురించి. 40 సెల్‌లు పక్కపక్కన జతకట్టి ఒక గుంపు. అలాంటి ఏడు గుంపులు వరసగా. ఏడు ఎందుకంటే, 24 వోల్టుల ఇన్వర్టర్‌కి అదే అతుకుతుంది. సెల్‌కి 4.1 చొప్పున ఏడింటికి 28.7 వోల్టులు. మన ఇళ్ళల్లో ఎక్కువగా ఉండే 12 వోల్టుల ఇన్వర్టర్‌తో ఈ సెల్‌లు కుదరవు. మూడు కలిపితే చాలదు, నాలుగు కలిపితే 16.8, ఎక్కువైపోతుంది. ఆ సందులో కూర్చోబెట్టాలని ప్రయత్నించకండి. ఛార్జింగ్ వోల్టేజీని మనమే పెట్టుకునే వీలున్న ఇన్వర్టర్ కావాలి. ట్యూబులర్ బ్యాటరీ, అంటే మామూలుగా ఇళ్ళల్లో ఉండే లెడ్ యాసిడ్ బ్యాటరీ, కోసం చేసినది దాని ఇష్టానికి వోల్టేజీ పెంచుతూ పోతే, ట్యూబులర్ ఓర్చుకుంటుంది, ఇది ఓర్చుకోదు.

సెల్‌లని గుంపులుగా పంచడం రమ్మీ ముక్కలు పంచినట్టే. పెద్ద కెపాసిటీ నుంచి చిన్నదాకా వరసగా పేర్చుకుని, ఒకటో గుంపు నుంచి ఏడో గుంపుకి, మళ్ళీ ఏడు నుంచి ఒకటికి వెనక్కి, అలా పంచుకుంటూ పోవాలి. ఏడు గుంపుల మొత్తం దాదాపు సమానంగా వస్తుంది. నాకు ఒక్కో గుంపు 82 ఆంపియర్ అవర్. మొత్తం మీద రెండు యూనిట్ల పైచిలుకు కరెంటు నిలవ ఉంటుంది. జతకట్టేముందు అన్ని సెల్‌లూ ఒకే వోల్టేజీలో ఉండాలి. లేకపోతే నిండినది ఖాళీదానిలోకి ఒక్కసారిగా కుమ్మరిస్తుంది.

నికెల్ పట్టీ గురించి ఒక కథ ఉంది. సెల్ మీద నేరుగా సోల్డరింగ్ చేస్తే వేడికి లోపల దెబ్బతింటుంది. అందుకని స్పాట్ వెల్డర్‌తో నికెల్ పట్టీ అతికిస్తాం. ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డు సందుల్లో ఒక కొట్లో అసలు నికెలే అని ఇచ్చారు. ఇంటికి తెచ్చి అయస్కాంతం పెట్టాను, అంటుకుంది. ఇది ఇనుమే, కొట్టతను మోసం చేశాడని తిట్టుకున్నాను. తర్వాత తెలిసింది, నికెల్ కూడా అయస్కాంతానికి అంటుకుంటుంది. నా పరీక్షే తప్పు. సరైన పరీక్ష వంటింట్లోనే ఉంది. పట్టీ ముక్క మీద ఆకురాయితో బాగా గీకి, గ్లాసులో ఉప్పునీళ్ళు పోసి రాత్రంతా వదిలేయాలి. పొద్దున చూస్తే గీకిన చోట తుప్పు ఎర్రగా దిగింది. నికెల్ పూత పూసిన స్టీలది. అయస్కాంతం తప్పు చెప్పినా, తిట్టుకున్నది మాత్రం సరైన మనిషినే!

(నవ్వులు)

స్టీలైతే ఏం అంటారా? కరెంటుని అడ్డుకుంటుంది, వేడెక్కుతుంది, మన వానాకాలం తేమకి తుప్పు పడుతుంది. ఇంకో కొట్లో తీసుకున్నాను. గ్లాసు పరీక్ష పాసయింది.

ప్రతి సెల్‌కీ ఒక సన్నని ఫ్యూజ్ తీగ పెట్టాను. ఏదైనా సెల్ లోపల షార్ట్ అయితే మిగతా 39 కలిసి దాని మీద పడతాయి. అప్పుడు ఈ తీగ తెగి దాన్ని విడదీస్తుంది. 280 తీగలు అంటే విసుగే. విసుగనిపించినవాళ్ళు ఈ పని జోలికి రాకపోవడం మేలు. ఆ పైన బీఎంఎస్, అంటే బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, బోర్డు, ఏడు గుంపులనీ విడివిడిగా చూస్తూ ఉంటుంది. బ్యాటరీకీ ఇన్వర్టర్‌కీ మధ్య, కరెంటు ఎక్కువైతే దానంతటది ఆపేసే బ్రేకర్ ఉండాలి, అదీ డీసీకి, అంటే బ్యాటరీ ఇచ్చే కరెంటుకి, చేసిందే. ఇంట్లో ఏసీ కరెంటు లైనుకి వాడే బ్రేకర్, అదే ఎంసీబీ, తెచ్చి పెట్టకండి. ఏసీ కరెంటు సెకనుకి వందసార్లు సున్నాకి వస్తుంది కాబట్టి నిప్పురవ్వ దానంతటది ఆరిపోతుంది. డీసీలో ఆ సున్నా రాదు. రవ్వ అలాగే పట్టుకుని ఉంటుంది.

మా బావమరిది చిత్తూరు నుంచి వచ్చాడు, సాయం చేస్తానని. వేలికి పగడపు ఉంగరం. తీసి పెట్టరా అన్నాను. "24 వోల్టులేగా బావా, షాకేం కొడుతుంది" అన్నాడు. నిజమే, కొట్టదు. అతని చెయ్యి రెండు గుంపుల పట్టీల మధ్య పడింది. అక్కడ 7.4 వోల్టులే. వోల్టులు తక్కువే, కానీ వెనక 40 సెల్‌ల జత ఉంది కదా, వందల ఆంపియర్లు తోసేయగలదు. తళుక్కుమంది. చెయ్యి లాక్కునేలోపే ఉంగరం ఎర్రగా కాలిపోయి చేతి వేలికి అతుక్కుంది. చల్లటి నీళ్ళ కింద పెట్టి, ఉంగరం కోయించి, వేలికి మందు వేయించాం. ఇప్పటికీ ఆ వేలి చుట్టూ తెల్లటి మచ్చ, ఉంగరం పెట్టుకున్నట్టే ఉంటుంది. పగడం ఆరోగ్యానికి మంచిదని వాళ్ళమ్మ చేయించింది పాపం.

ఇంతా చేస్తే ఏమొచ్చింది? ఒక్కో సెల్‌ని 4.1 వోల్టుల నుంచి 3.3 వరకే వాడతాను. అంచుల దాకా వెళ్ళను, సెల్‌లు ఎక్కువకాలం బతుకుతాయి. నాలుగు ఫ్యాన్‌లు, లైట్‌లు, వైఫై, ఒక ల్యాప్‌టాప్, దాదాపు 300 వాట్లు. నాలుగున్నర గంటలు వస్తుంది. ఒక్కో సెల్ మీద పడేది అర ఆంపియర్ కూడా ఉండదు. 280 మంది మోస్తున్న పల్లకీ, ఎవరి భుజమూ నొప్పెట్టదు.

ప్రశ్నలు అడగండి. ఆఁ, మేడమ్ చెప్పండి.

(ప్రశ్న: అపార్ట్‌మెంట్‌లో, వంటింటి పక్క యుటిలిటీలో పెట్టుకోవచ్చా?)

వద్దండి. మాది విడి ఇల్లు. బ్యాటరీ ఇంటి గోడకి దూరంగా, వాకిట్లో సిమెంటు దిమ్మల గూడులో ఉంది. మీద రేకు, చుట్టూ గాలి, దగ్గర్లో కాలేది ఏమీ లేదు. అపార్ట్‌మెంట్‌లో ఏదైనా అయితే మీ ఒక్కరికే కాదు, పైన ఆరంతస్తులవాళ్ళకి. మెట్ల కింద అసలే వద్దు, పారిపోయే దారి అదే కదా.

(ప్రశ్న: మంట వస్తే నీళ్ళు పోయకూడదంటారు?)

అది లిథియం లోహం గురించి విన్న మాట. ఈ సెల్‌లకి కావలసింది చల్లబరచడం, అది నీళ్ళే చేస్తాయి, అదీ చాలా నీళ్ళు. ఒక సెల్ వేడికి పక్కది, దాని వేడికి ఇంకొకటి, అలా అంటుకుంటూ పోతాయి. ఆరిందనుకున్నాక మళ్ళీ లేస్తుంది. కానీ అన్నా, మీరు బకెట్ పట్టుకుని దగ్గరికి పోకండి. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది, ఊపిరితిత్తులని తినేస్తుంది. అందర్నీ బయటికి పంపి, తలుపులు వేసి, 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. నేను మొదట చెప్పిన ఇసుక బకెట్ ఒక్క సెల్‌కి సరిపోతుంది. 280కి కాదు.

(ప్రశ్న: పారేసిన 172 సెల్‌లు ఏం చేశారు?)

మంచి ప్రశ్న. చెత్తబండిలో వేయలేదు. చెత్త లారీలో నొక్కుడు పడితే అక్కడే అంటుకుంటాయి. రెండు కొసలకీ టేపు అంటించి, ఇసుక పోసిన డబ్బాలో పెట్టి, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్ళకి ఇచ్చాను. 2022లో బ్యాటరీ వ్యర్థాలకి విడిగా నిబంధనలే వచ్చాయి. ఆ 77 అరిగిన సెల్‌లు మాత్రం కొన్ని ఉంచుకున్నాను, పిల్లల టార్చిలకి.

(ప్రశ్న: ఖర్చెంత? కొత్త లిథియం బ్యాటరీ కొంటే పోదా?)

ఇన్వర్టర్ కాకుండా దాదాపు 30 వేలు. టెస్టర్‌లు, వెల్డర్ కూడా అందులోనే. మూడు నెలల సాయంత్రాలు అందులో లేవు. నిజం చెప్పమంటారా? ఇవాళ నన్నడిగితే కొత్త ఎల్‌ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్, కొనుక్కోమంటాను. దాని ధర దిగింది, అంత తేలిగ్గా అంటుకోదు. నాలుగు సెల్‌లు కలిపితే 12.8 వోల్టులు, 12 వోల్టుల ఇన్వర్టర్‌కి దగ్గరగా అతుకుతుంది. పైగా పలచటి ల్యాప్‌టాప్‌లు వచ్చాక వాటిలో ఈ గొట్టాలు లేవు, మెత్తటి సంచుల్లాంటి సెల్‌లు పెడుతున్నారు. అవి ఉబ్బితే ముట్టుకోవడానికే భయం. గుజరీలో నాకు దొరికినన్ని గొట్టాలు మీకు దొరక్కపోవచ్చు. నేను చేసింది సెల్‌ల సంగతి చేత్తో తెలుసుకుందామని. డబ్బు మిగుల్చుకుందామని అయితే మొదటి నెలలోనే మానేసేవాణ్ణి.

ఇక చాలు, టీ చల్లారిపోతోంది. ఒక గుంపు, 40 సెల్‌లది, కారులో తెచ్చాను. వెనక బల్ల మీద పెట్టాను, మూత తీసి చూపిస్తాను. ఉంగరాలు, గాజులు, కడియాలు ఉన్నవాళ్ళు తీసి జేబులో వేసుకుని రండి.